ఇంటి పన్ను పెరగాలి, ఆ రూపాయి ఊరు దాటకూడదు

పల్లెల్లో ఇంటి పన్ను పెంచుతారన్న మాట బయటికి పొక్కగానే ప్రతిపక్షం ‘బాదుడు’ అంటుంది. అధికారపక్షం అలాంటి ఆలోచనే లేదని ఖండిస్తుంది. ఎన్నికలయ్యాక పార్టీలు అటూ ఇటూ మారతాయి గానీ వాదన మారదు. ఈ గోలలో అడగాల్సిన ప్రశ్న పక్కకి పోతోంది. ఊళ్లో వసూలైన పన్ను ఎవరి చేతిలో ఉంటోంది? దాన్ని ఖర్చుపెట్టే అధికారం ఎవరికుంది?

నా అభిప్రాయం ముందే చెబుతాను. గ్రామాల్లో ఇంటి పన్ను పెరగాల్సిందే. ఇప్పుడు కడుతున్న దానితో ఊరు నడవదు. అయితే ఎంత పెంచాలో గ్రామసభలో తేలాలి. వసూలైన డబ్బు పంచాయతీ ఖాతా దాటి ఒక్క రూపాయి కూడా బయటికి పోకూడదు. ఈ రెండు షరతులూ లేకుండా పెంచే పన్నును జనం ఎదిరిస్తే అది న్యాయమే.

మొదట పంచాయతీల ఆదాయం చూద్దాం. రిజర్వు బ్యాంకు 2024 జనవరిలో పంచాయతీల ఆర్థిక పరిస్థితిపై ఒక నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం 2022-23లో దేశంలో ఒక్కో పంచాయతీకి సొంత పన్నుల ద్వారా సగటున వచ్చింది రూ.21 వేలు. ఏడాది మొత్తానికి. అదే సంవత్సరం కేంద్ర గ్రాంట్ల రూపంలో వచ్చింది సుమారు రూ.17 లక్షలు, రాష్ట్రాల నుంచి మూడు లక్షల పైచిలుకు. మొత్తం ఆదాయంలో సొంత పన్నుల వాటా 1.1 శాతం. దక్షిణాది రాష్ట్రాలు కాస్త నయం. అయినా మన దగ్గరా ఏ పంచాయతీ కార్యదర్శిని అడిగినా ఒకటే చెబుతారు: ఇంటి పన్ను కరెంటు బిల్లుకే చాలదు.

ఒక ఊరిని ఊహించుకుందాం. వెయ్యి ఇళ్లు, ఇంటికి సగటున ఏడాదికి రూ.600 పన్ను. అందరూ కడితే రూ.6 లక్షలు, అంటే నెలకు రూ.50 వేలు. ఇందులోంచి పారిశుధ్య కార్మికుల జీతాలు ఇవ్వాలి. వీధి దీపాలకూ తాగునీటి మోటార్లకూ కరెంటు బిల్లు కట్టాలి. మోటారు కాలిపోతే రీవైండింగ్ చేయించాలి. ట్రాక్టరుకు డీజిల్ పోయాలి, వానాకాలంలో బ్లీచింగ్ చల్లాలి, కాలువల్లో పూడిక తీయాలి. నలుగురు కార్మికులకు జీతాలిచ్చేసరికే ఆ నెల డబ్బు అయిపోతుంది. పైగా అందరూ కడతారన్నది మనం ఊహించుకున్న మాట. పల్లెల్లో పన్ను ఎప్పుడు వసూలవుతుందో తెలిసిందే. మార్చి నెలాఖరులో బిల్ కలెక్టర్ ఇంటింటికీ తిరిగితే కొంత వస్తుంది. కరెంటు మీటరుకో, బ్యాంకు లోనుకో ఇంటి పన్ను రసీదు కావాల్సి వస్తే పాత బకాయి కొంత వస్తుంది. సర్పంచ్ ఎన్నికలప్పుడు నామినేషన్‌కు బాకీ లేదన్న పత్రం కావాలి కాబట్టి అభ్యర్థులూ, వాళ్లను బలపరిచేవాళ్లూ క్యూ కట్టి కట్టేస్తారు. పోటీ చేయాలనుకునేవాళ్లు కూడా అప్పటిదాకా ఆ బాకీ తీర్చకపోవడం గురించి ఆలోచించండి. పన్ను కట్టడానికీ ఊరు బాగుపడటానికీ లంకె ఉందన్న నమ్మకం ఊరి నాయకుడికే లేదు.

ఆ నమ్మకం ఎందుకు పోయింది? జనం పిసినారులు కాబట్టి కాదు. గుడి కడదామంటే చందా వేసుకునే ఊళ్లే ఇవి. జాతరకు ఇంటికింత అని రాసుకుంటే ఇచ్చే ఊళ్లే. అక్కడ డబ్బు ఎటు పోయిందో నలుగురికీ తెలుస్తుంది, లెక్క అడిగితే చెప్పే మనిషి రచ్చబండ దగ్గరే ఉంటాడు. పంచాయతీకి కట్టిన పన్ను విషయంలో ఈ రెండూ లేవు.

రెండూ ఉన్నచోట ఏం జరిగిందో చెప్పడానికి వరంగల్ జిల్లా గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి ఉంది. మచ్చాపూర్‌కు శివారు పల్లెగా ఉండి 1990ల్లో విడి పంచాయతీ అయిన ఈ చిన్న ఊరు నూరు శాతం ఇంటి పన్ను వసూలుకు పేరు పొందింది. ఒక ఏడాది కాదు, ఏళ్ల తరబడి. అక్కడ తాగునీటికి ఒక కమిటీ, పారిశుధ్యానికి ఒకటి, వీధి దీపాలకు ఒకటి, ఇలా పనికో కమిటీ ఏర్పడింది. ఊరివాళ్లే సభ్యులు. శుద్ధి చేసిన నీటి ప్లాంటును స్వచ్ఛంద సంస్థ సాయంతో పెట్టుకున్నా, దాన్ని నడిపే బాధ్యత ఊరే తీసుకుంది. దేశం నలుమూలల నుంచి సర్పంచులూ అధికారులూ చూసి నేర్చుకోవడానికి అక్కడికి వచ్చారు. వచ్చినవాళ్లు రోడ్లు చూశారు, మరుగుదొడ్లు చూశారు, ఫొటోలు దిగి వెళ్లారు. నా దృష్టిలో అక్కడ చూడాల్సింది పన్ను రిజిస్టరు. పన్ను కట్టిన మనిషి మర్నాడు కుళాయి రాకపోతే కమిటీని నిలదీస్తాడు. నిలదీస్తారని తెలిసిన కమిటీ మోటారు పాడవగానే బాగుచేయిస్తుంది. నీళ్లు వస్తున్నాయి కాబట్టి వచ్చే ఏడాది పన్ను అడక్కుండానే వస్తుంది. గంగదేవిపల్లి విజయం మొత్తం ఇక్కడే ఉందని నేను నమ్ముతున్నాను. పైనుంచి ఎన్ని గ్రాంట్లు దించినా ఈ నిలదీత పుట్టదు. పై నుంచి వచ్చిన డబ్బుకు సర్పంచ్ జిల్లా ఆఫీసుకు లెక్క చెబుతాడు, ఊళ్లో పుట్టిన డబ్బుకు ఊరికి చెప్పాల్సి వస్తుంది.

కేంద్రం నిధులు ఎవరికెంత పంచాలో సిఫారసు చేసే పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంట్లనే తీసుకోండి. 2021-26 కాలానికి దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు రూ.2,36,805 కోట్లు కేటాయించారు. చిన్న మొత్తం కాదు. కానీ అందులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకే ఖర్చుపెట్టాలన్నారు. అవి అవసరమే, కాదనను. ఊళ్లో వీధి దీపాలు పెద్ద సమస్య అయితే మాత్రం ఆ సొమ్ము ముట్టుకోవడానికి లేదు. ఊరికి ఏది ముందో ఢిల్లీ నిర్ణయిస్తోంది. సొంత పన్ను లేని పంచాయతీకి సొంత నిర్ణయం కూడా ఉండదు.

పేదలు ఎక్కడి నుంచి తెచ్చి కడతారన్నది ఎదుటివాళ్ల ప్రధాన అభ్యంతరం. పెట్రోలు దగ్గర్నుంచి సబ్బు దాకా అన్నిటి మీదా ఇప్పటికే పన్ను కడుతున్నాం కదా, మళ్లీ ఇదేమిటని కూడా అంటారు. మొదటి మాటలో న్యాయం ఉంది. పూరిళ్లు, ఒంటరి మహిళల ఇళ్లు, ఒకే గది ఇళ్లకు పన్ను పెంచాల్సిన అవసరం లేదు. మాఫీ చేసినా తప్పులేదు. కానీ పేదల పేరు చెప్పి ఎవరిని కాపాడుతున్నామో కూడా చూడాలి. పాత కొలతల ప్రకారం పెంకుటిల్లుగా రికార్డులో ఉండి ఇప్పుడు రెండంతస్తుల డాబా అయిన ఇల్లు, రోడ్డు పక్కన ఫంక్షన్ హాలు, ఊరి శివార్లో వెంచర్, గోడౌను — ఇవన్నీ ఏ ఇంటికి ఎంత పన్నో రాసే పాత డిమాండ్ రిజిస్టరు చాటున దాక్కుంటున్నాయి. ఇక రెండో మాటకు జవాబు సులువు. సబ్బు మీద కట్టిన జీఎస్టీతో మన వీధి కాలువ శుభ్రం కాదు.

జనం భయానికి అసలు కారణం పేదరికం కంటే అనుభవం. పట్టణాల్లో జరిగింది పల్లెలు చూశాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి పట్టణాల్లో ఆస్తి పన్నును అద్దె విలువ నుంచి ఆస్తి మూలధన విలువకు, అంటే ఆస్తి ఖరీదుకు, మార్చారు. ఏటా పెంపు 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు కాబట్టి ఒక్కసారిగా కాకుండా మెట్టు మెట్టుగా పెరిగింది. ఈ మార్పు ఎందుకు వచ్చింది? ఏ పట్టణ కౌన్సిలూ అడగలేదు. 2020 మే నెలలో కరోనా ప్యాకేజీలో భాగంగా కేంద్రం రాష్ట్రాలకు అదనంగా అప్పు తెచ్చుకునే వీలు ఇచ్చి, అందులో కొంత భాగానికి సంస్కరణల షరతులు పెట్టింది. ఆస్తి పన్నును భూముల మార్కెట్ విలువతో ముడిపెట్టడం ఆ షరతుల్లో ఒకటి. దాన్ని ముందుగా పూర్తిచేసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. చట్ట సవరణ జరిగిన 2020 చివర్లో మున్సిపాలిటీలకు ఎన్నికైన పాలకవర్గాలే లేవు, ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. అంటే రాష్ట్రం అప్పు పరిమితి పెంచుకోవడం కోసం, ఊరి ప్రతినిధులు కుర్చీల్లో లేని సమయంలో, ఊరివాళ్ల ఇంటి మీద పన్ను విధానం మారింది. ఆ తర్వాత చెత్త పన్ను వచ్చింది. దాని మీద వచ్చిన వ్యతిరేకత ఎంతంటే 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని చట్టం చేసి మరీ రద్దుచేసింది. రద్దు చేసినందుకు చప్పట్లు కొట్టారు. కానీ చెత్త ఎత్తడం ఆగదు, దానికి డబ్బు ఎవరో పెట్టాలి. ఆ చర్చ అప్పుడూ జరగలేదు, ఇప్పుడూ జరగడం లేదు.

పల్లెలకు జరిగింది ఇంకా ఘోరం. 2021 ఫిబ్రవరిలో ఎన్నికైన సర్పంచులు కుర్చీలో కుదురుకోకముందే, ఆ ఏడాది చివర్లో, ఆంధ్రప్రదేశ్ పంచాయతీల ఖాతాల్లోని ఆర్థిక సంఘం నిధులు కరెంటు బకాయిల కింద విద్యుత్ పంపిణీ సంస్థలకు మళ్లాయి. బకాయిలు ఉన్నమాట నిజమే. కానీ తీర్మానం చేయాల్సిన పంచాయతీని అడగకుండా ఖాతా ఖాళీ చేస్తే ఆ సంస్థకు ఎన్నికలు పెట్టడం దేనికి? ఖాతాలో సున్నా చూసుకున్న సర్పంచులు పార్టీలకు అతీతంగా రోడ్డెక్కారు, అధికార పార్టీ మద్దతుతో గెలిచినవాళ్లూ అందులో ఉన్నారు.

తెలంగాణ కథ మరో రకం. 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్ మీద బోలెడు బాధ్యతలు పెట్టింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతికించకపోతే పదవికే ఎసరు. పల్లె ప్రగతి కార్యక్రమం కింద నర్సరీలు, డంపింగ్ యార్డులు, వైకుంఠధామాలు (శ్మశానవాటికలు) కట్టించారు. ఊళ్లు బాగుపడ్డాయి కూడా, ఆ సంగతి ఒప్పుకోవాలి. కానీ పనులు చేసిన సర్పంచులు బిల్లుల కోసం ఏళ్ల తరబడి తిరిగారు. అప్పులు తెచ్చి రోడ్డు వేసి, పదవి దిగిపోయాక కూడా వడ్డీలు కట్టారు. 2024 జనవరి ఆఖరుతో పాలకవర్గాల గడువు ముగిసింది. మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. పాలకవర్గం లేదు కాబట్టి ఆర్థిక సంఘం గ్రాంటూ నిలిచిపోయింది. మొక్క చనిపోతే సర్పంచును దించే చట్టం, సర్పంచుకు బిల్లు ఇవ్వని ప్రభుత్వాన్ని ఏమీ అనదు. ఎన్నికలు పెట్టని ప్రభుత్వాన్నీ ఏమీ అనదు.

చాలామందికి తెలియని ఇంకో సంగతి ఉంది. ఊరి పొలాలు తీసుకుని పారిశ్రామికవాడ కడితే అక్కడి ఫ్యాక్టరీల ఆస్తి పన్ను పంచాయతీ నేరుగా వసూలు చేసుకోలేదు. రెండు రాష్ట్రాల్లోనూ ఆ అధికారాన్ని పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకు అప్పగించారు. ‘ఐలా’ (పారిశ్రామిక ప్రాంత స్థానిక అథారిటీ) పేరుతో అదే వసూలు చేస్తుంది. స్థానిక సంస్థకు దక్కేది 35 శాతం. భూమి ఇచ్చింది ఊరు, పొగ పీల్చేది ఊరు, లారీలకు రోడ్లు గుంతలు పడేది ఊళ్లో. పన్నులో పెద్ద భాగం మాత్రం ఊరిది కాదు. లోపలి రోడ్లూ లైట్లూ ఆ సంస్థే చూసుకుంటుంది కదా అంటారు. గేటు బయట ఉన్నవి ఎవరు చూసుకుంటారు? పేదవాడి రేకుల ఇంటి మీద పన్ను పెంచే ముందు ఈ వాటా తిరగేయాలి.

ఇదంతా కలిపి చూస్తే పన్ను ఎంత అన్నది చిన్న ప్రశ్న అయిపోతుంది. 1959 అక్టోబరులో నెహ్రూ షాద్‌నగర్ వచ్చి పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. రాజస్థాన్‌లోని నాగౌర్ తర్వాత దేశంలో మనమే రెండో వాళ్లం. 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది, పదకొండో షెడ్యూలులో 29 అంశాలు రాశారు. వాటిలో ఎన్ని పూర్తిగా పంచాయతీ చేతికి వచ్చాయో ఏ సర్పంచునైనా అడిగి చూడండి. పన్ను వేసే అధికారం కూడా రాష్ట్ర శాసనసభ దయపెడితేనే అని 243హెచ్ అధికరణం చెబుతుంది. ఐదేళ్లకోసారి వేయాల్సిన రాష్ట్ర ఆర్థిక సంఘం ఆలస్యంగా వస్తుంది, దాని సిఫారసులు అరల్లో ఉండిపోతాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు తెచ్చారు. ఊళ్లోనే పదిమంది ఉద్యోగులు రావడం మంచిదే. వాళ్లను ఎన్నికైన సర్పంచు కింద పెట్టడానికి మాత్రం మనసు రాలేదు. ముఖ్యమంత్రులు మారారు, పార్టీలు మారాయి, ఊరిని నమ్మకపోవడం మారలేదు. ఎమ్మెల్యేకు పోటీగా ఊళ్లో మరో అధికార కేంద్రం ఉండకూడదన్న భయమే దీనికంతటికీ మూలం.

సర్పంచ్ చేతిలో సొంత డబ్బు ఉంటే ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. ఎమ్మెల్యే వెంట తిరగాల్సిన పని తగ్గుతుంది. అందుకే పంచాయతీకి పన్ను పెంచుకునే ధైర్యం ఇవ్వడానికి ఏ ప్రభుత్వమూ ముందుకు రాదు. ప్రజల మీద ప్రేమతో పన్ను పెంచడం లేదని చెప్పుకోవడం వాళ్లకు సౌకర్యం.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న ఒక్కరోజే పదమూడు వేలకు పైగా పంచాయతీల్లో గ్రామసభలు జరిపారు. ప్రధాన అజెండా ఉపాధి హామీ పనులు. అంటే తలుచుకుంటే సభలు పెట్టగలరు. అలాంటి ఒక రోజు ఇంటి పన్ను కోసం పెట్టాలి. గత ఏడాది ఎంత డిమాండ్, ఎంత వసూలు, ఎవరెవరు బాకీ, కరెంటుకు ఎంత, జీతాలకు ఎంత అని మైకులో చదవాలి. పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున వసూలు చేసే గ్రంథాలయ సెస్సు ఎంత వచ్చిందో, ఊరి లైబ్రరీకి కొత్త పుస్తకాలు ఎన్ని వచ్చాయో కూడా చదవాలి. డ్రోన్లతో ఊరి ఇళ్ల కొలతలు తీసే ‘స్వామిత్వ’ సర్వే ఉద్దేశాల్లో ఆస్తి పన్ను నిర్ధారణ కూడా ఉంది. ఆ కొలతలు గోడ మీద అంటించాలి, ఎవరి డాబా పెంకుటిల్లుగా నడుస్తోందో అందరూ చూస్తారు. ఆ సభలోనే వచ్చే ఏడాది రేటు తేల్చాలి. ఆ ఖాతాను పంచాయతీ తీర్మానం లేకుండా రాష్ట్ర ఆర్థిక శాఖ గానీ, విద్యుత్ సంస్థ గానీ ముట్టుకోకూడదని పంచాయతీరాజ్ చట్టాల్లో ఒక సెక్షన్ చేర్చాలి. రెండు రాష్ట్రాల అసెంబ్లీల్లోనూ ఆ సవరణ ఒక్క పూటలో పాసవుతుంది. ముందు దాన్ని తెండి, పన్ను పెంపు గురించి ఆ తర్వాత ఊరిని అడగండి.