బెత్తెడు దూరానికి బహిరంగ లేఖ

శ్రీ బెత్తెడు దూరం గారికి,

పర్లాకిమిడి బస్టాండు పక్క టీకొట్టు నుంచి రాయునది. ఇచ్చట కుశలం. కుశలమంటే కుడికన్ను మట్టుకే. ఎడమది నీటికాసుల జబ్బుతో (డాక్టర్లు గ్లకోమా అంటారు) పోయి ఎనిమిది నెలలైంది.

పోయిన సంగతి నాకే ఆఖర్న తెలిసింది. ఉల్లిపాయ తరిగిన చేత్తో కుడికన్ను నులుముకుని, కరెంటు పోయిందనుకున్నాను. "కరెంటు ఉన్నాది కదండీ, ఫేను తిరుగుతున్నాది" అంది మా ఆవిడ. అప్పటిదాకా కుడికన్ను ఇద్దరి డ్యూటీ చేస్తూ, రెండోదాని హాజరు కూడా తనే వేసేస్తోంది. ఆ జబ్బు అంతే, నొప్పి లేకుండా చూపు తినేస్తుంది. తిన్నది తిరిగివ్వదు.

ఊళ్లో అందరూ "సగం లోకం పోయింది బావూ" అని పరామర్శించారు. అదేం లేదు. రెండు కళ్లతో అటూయిటూ సుమారు 180 డిగ్రీలు కనబడితే, ఒంటికంటితో 150 దాకా కనబడుతుంది. ముక్కు గోడకి ఆవలి కొస ఒక్కటే పోయింది. ఆ కొసన కూర్చుని టీ తాగి డబ్బులివ్వకుండా జారుకునేవాళ్ల కోసం బెంచీని కుడివైపుకి జరిపాను. ఆ గొడవ తీరింది.

అసలు పోయింది నువ్వు.

దూరపు కొండలు నునుపంటారు. నాకు దూరపు కొండలు నిక్కచ్చిగానే ఉన్నాయి, చేతికందే గ్లాసే నునుపు. పాతపట్నం వైపు నుంచి వచ్చే ఆటో ఎంత దూరంలో ఉందో చెబుతాను. ముందున్న గాజుగ్లాసు అంచు ఎక్కడుందో అడగొద్దు. కళ్ల మధ్య ఎడం 6 సెంటీమీటర్ల చిల్లర, అంటే నీ అంత కూడా లేదు. అయినా ఆ ఎడం వల్లే రెండు కళ్లూ గ్లాసుని చెరో కాస్త తేడాగా చూసేవి, ఆ తేడాతో బుర్ర నిన్ను కొలిచేది. ఇప్పుడు సాక్షి ఒక్కడే. వాడు గ్లాసు ఉందంటాడు, ఎక్కడుందో చెప్పడు. (1936లో మమ్మల్ని ఒడిశాలో కలిపి గీత గీసినవాళ్లకీ నువ్వంటే లెక్కలేదనుకుంటాను. బెత్తెడు అవతల ఆంధ్రాలో పాతపట్నం, ఇవతల మేము.)

ముప్పై ఏళ్లుగా మూరెడు ఎత్తు నుంచి టీ తిరగబోసినవాణ్ని. మొదటి వారం గ్లాసుకి ముందూ వెనకా పోశాను. ఒడియా కుర్రాడొకడు తడిసిన చొక్కాతో "కొణొ హెలా, మౌసా?" అన్నాడు. ఏమైందని చెప్పను? మా బావమరిదైతే శుక్రాచార్యులని పేరు పెట్టేశాడు. శుక్రాచార్యులకీ నాకూ తేడా ఉంది బావా. ఆయన ధార ఆపబోయి కన్ను పోగొట్టుకున్నాడు, నేను కన్ను పోగొట్టుకుని ధార ఆపలేకపోతున్నాను.

ఇప్పుడు కెటిల్ ముక్కుని గ్లాసు అంచుకి ఆనించి, టక్‌మన్నాకే వంచుతాను. బల్ల మీద నల్లగుడ్డ పరిచాను, అంచు కాస్త తెలుస్తుంది. మెట్టు దిగాలంటే ముందు కాలితో తడుముతాను. ఎవరైనా పది నోటు చాపితే గాలిని పట్టుకోవడం మానేసి అరచెయ్యి చాపుతున్నాను, వాళ్లే పెడతారు. చూసినవాళ్లకి అడుక్కుంటున్నట్టుంటుంది. వ్యాపారమంటే అదే కదా.

సర్కారువారి దగ్గరికీ వెళ్లాను. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే వాళ్ల లెక్కలో వైకల్యం 30 శాతం. 2016 చట్టం కింద రిజర్వేషన్లలాంటివాటికి కావలసింది 40. ఆ పది శాతం తేవాలంటే రెండో కంటి మీదే చెయ్యి వెయ్యాలి. అట్ట మీది అక్షరాలు చదివించారు, చదివాను. ఒక్క గ్లాసు టీ పోయించి ఉంటే తెలిసేది, నిన్ను కొలిచే గడి ఆ కాగితంలో లేదని.

నీ ఆచూకీకి ఒక్క ఉపాయం మిగిలింది. గుణుపురం రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే దగ్గరి స్తంభాలు పరుగెడతాయి, కొండలు కదిలీ కదలనట్టుంటాయి. అలాగే తల కాస్త అటూయిటూ ఊపితే దగ్గరిది ఎక్కువ జరుగుతుంది, దూరంది తక్కువ. కాబట్టి పొద్దస్తమానం తల అడ్డంగా ఊపుతూ ఉంటాను. మొన్నొక పాత ఖాతాదారు "మావా, ఈసారికి రాసుకో" అన్నాడు. గ్లాసు ఎక్కడుందోనని తల ఊపాను. గొణుక్కుంటూ జేబులోంచి డబ్బులు తీసి బల్ల మీద పెట్టాడు. ముప్పై ఏళ్లలో అరువు లేదని నోటితో చెప్పలేకపోయాను, నువ్వు పోయాక మెడతో చెప్పేస్తున్నాను. నెలాఖరుకి అరువు పుస్తకంలో నాలుగు పేజీలు తెల్లగా మిగిలాయి.

కాబట్టి, అయ్యా, తమరు తిరిగొచ్చే ఉద్దేశం ఉంటే ముందుగా ఒక కార్డుముక్క రాయండి. బాకీలు వసూలయ్యేదాకా ఆగమంటాను.

ఎదర ఎవరో వస్తున్నాడు, చేతిలో సంచీ ఉంది, డబ్బు ఉన్నట్టు లేదు. ఎంత దగ్గరికొచ్చాడో చూద్దామని తల ఊపాను. పక్క కొట్టుకి తిరిగిపోయాడు.

ఇట్లు,
టీకొట్టు శుక్రాచార్యులు