మంటలు వదిలేసిన కిటికీలపై ప్రభుత్వ హస్తం

2019 ఏప్రిల్ 15న పారిస్ నోట్రడామ్ చర్చిలో చెలరేగిన మంటలు ఓక్ దూలాల పైకప్పును బూడిద చేశాయి, 96 మీటర్ల శిఖరాన్ని కూల్చాయి. దక్షిణం వైపు చిన్న ప్రార్థనా మందిరాల కిటికీల జోలికి మాత్రం పోలేదు. ఇప్పుడు వాటిలో ఆరింటిని ఊడదీసి, చిత్రకారిణి క్లేర్ తబురే రూపొందించిన కొత్త రంగుటద్దాలు బిగించాలని అధ్యక్షుడు మాక్రాన్ పట్టుబట్టారు. చెడిపోనిదాన్ని తీసేయడం మరమ్మతు ఎలా అవుతుంది?

ఆ కిటికీలు 19వ శతాబ్దంలో ఈ చర్చిని పునరుద్ధరించిన వాస్తుశిల్పి వియొలె-ల్య-డ్యూక్ కాలం నాటివి. వాటిలో బొమ్మలుండవు. లేత బూడిద ఛాయల్లో రేఖాగణితపు అల్లికలు మాత్రమే ఉంటాయి. వెలుతురును మెత్తబరచి లోపలికి పంపడం వాటి పని. 13వ శతాబ్దపు గులాబీ కిటికీల రంగులు అంతగా పలుకుతున్నాయంటే పక్కన ఈ నిరాడంబరమైన అద్దాలు ఒదిగి ఉండబట్టే. గోడనూ కిటికీనీ కలిపి ఆలోచించిన పని అది.

కూలిన శిఖరమూ ఆయన కట్టించినదే. దాన్ని కొత్త రీతిలో కట్టాలన్న ఆలోచనను 2020లో, వారసత్వ కట్టడాల జాతీయ సంఘం మాట విని ఇదే మాక్రాన్ మానుకున్నారు. 2024 జూలైలో కిటికీల మార్పును అదే సంఘం ఏకగ్రీవంగా తిరస్కరిస్తే ఆ మాటను పక్కన పడేశారు. ఒకే శిల్పి పనిలో కూలినదానికి గౌరవం, నిలిచినదానికి శిక్ష. ఇదేం న్యాయం?

ప్రతి తరమూ చర్చిపై తన ముద్ర వేసిందని, 1960లలోనూ పై కిటికీలకు కొత్త అద్దాలు వచ్చాయని సమర్థకులు అంటున్నారు. నాటి పని నేటి పనికి అనుమతిపత్రం కాదు.

నోట్రడామ్ ప్రభుత్వ ఆస్తి, 1862 నుంచి రక్షిత కట్టడం. రక్షిత జాబితాలో ఉన్న పాత ఇంటి యజమాని అనుమతి లేకుండా కిటికీ మార్చలేడు. రేపు అతడు తన కిటికీ పాతబడిందని, కొత్తది కావాలని వస్తే అధికారులు ఏ ముఖంతో కాదంటారు? కంచే చేను మేశాక కాపలా ఎవరిది? అధ్యక్షుడి అభిరుచే అర్హత అయితే, తర్వాత వచ్చే అధ్యక్షుడికి మరో గోడ నచ్చకపోవచ్చు, ఆ తర్వాతి వారికి మరో బలిపీఠం.

సుమారు 150 దేశాల ప్రజలు 84 కోట్ల యూరోలకు పైగా విరాళమిచ్చింది కాలిపోయినదాన్ని నిలబెట్టమని. ఉన్నదాన్ని పెరికేయమని కాదు. రెండున్నర లక్షల మందికి పైగా సంతకాలు చేసి వద్దన్నారు. మాక్రాన్ పదవీకాలం 2027తో ముగుస్తుంది. నూటయాభై ఏళ్లకు పైబడిన ఆ అద్దాలపై చెయ్యి వేసే హక్కు ఆయనకు ఎవరిచ్చారు? మంటలు చూపిన దయ కూడా ఒక ప్రభుత్వం చూపలేకపోవడం సిగ్గుచేటు.