బాతును చేర్చుకున్న సైన్యానికి

మహారాజశ్రీ ల్యాండ్ ఆఫ్ డ్రాగన్స్ దేశం వారికి,

చెన్నై వడపళని నుంచి డబ్బింగ్ మాటలు రాసుకుని బతికే ఒక తెలుగువాడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీ పరిస్థితి ఏమంత బాగాలేదని మా అమ్మాయి వల్ల తెలిసి ఈ ఉత్తరం.

మీరెవరో అందరికీ తెలియాలని లేదు. 1998లో డిస్నీ వాళ్ళు 'ములాన్' అని ఒక బొమ్మల సినిమా తీశారు, ముసలి తండ్రికి బదులు మగవేషం వేసుకుని సైన్యంలో చేరే చైనా పిల్ల కథ. 2005 డిసెంబర్‌లో జపాన్‌లో వచ్చిన 'కింగ్‌డమ్ హార్ట్స్ 2' అనే వీడియో గేమ్‌లో ఆ సినిమాకి ఒక వాటా రాసిచ్చారు. ఆ వాటాయే తమరు. సోరా అనే కుర్రాడు, డోనాల్డ్ బాతు, గూఫీ కలిసి లోకాలు తిరుగుతూ, పిలవని పేరంటానికి వెళ్ళినట్టు ఎవరి కథలో పడితే వాళ్ళ కథలో దిగిపోతారు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. దాని పోరు పడలేక, మా చెన్నైలో ఎలక్ట్రానిక్ సరుకు అమ్మే రిచీ స్ట్రీట్‌లో, ఆ గేమ్ ఆడే పెట్టె ప్లేస్టేషన్ 2 సెకండ్ హ్యాండ్‌ది కొనిచ్చాను. అలా మీ ఊరు మా హాల్లోకి వచ్చింది.

ముందుగా మీ సైన్యం సంగతి. ఆడపిల్ల చేరకూడదని రూలు. సరే, పాత కాలం అనుకుందాం. మాకూ రుద్రమ ఉంది. గణపతిదేవుడు ఆమెను రుద్రదేవుడని మగపేరుతోనే రాజ్యానికి నిలబెట్టాడు. మగవేషం సంగతి మాకు ఒకరు చెప్పాలా? కానీ మీ శిబిరంలో నేను కళ్ళారా చూసిందేమిటంటే, ములాన్ గొంతు మార్చుకుని, నడక మార్చుకుని, పింగ్ అని పేరు మార్చుకుని వణుకుతూ నిలబడితే, ఆ పక్కనే బాతు నిలబడింది. ప్యాంటు లేని బాతు. దాని వెనక టోపీ పెట్టుకున్న గూఫీ. వాళ్ళతో, కత్తికి బదులు మూరెడు తాళంచెవి పట్టుకున్న కుర్రాడు. కెప్టెన్ షాంగ్ గారు ముగ్గురినీ తేరిపార చూసి కూడా ఏ ఊరని అడగలేదు. చివరికి ములాన్ గుట్టు బయటపడగానే మాత్రం పొమ్మన్నారు. రిక్రూట్‌మెంట్ బోర్డులో ఎవరున్నారో గానీ, బాతు సర్టిఫికెట్లు ఒక్కసారి తీసి చూడమనండి.

రెండోది ఆమె తండ్రి. ఈయన గురించే నా బాధంతా. చైనా వాళ్ళ పాత గేయంలో సైన్యం జాబితాలు 12 వస్తాయి, ప్రతి దాంట్లోనూ ఆ పెద్దాయన పేరే. ఇంట్లో ఎదిగిన కొడుకు లేడు, ములాన్‌కి అన్న లేడు. అందుకని తూర్పు బజార్లో గుర్రం, పడమటి బజార్లో జీను, దక్షిణాన కళ్ళెం, ఉత్తరాన కొరడా కొనుక్కుని బయల్దేరుతుంది. 12 ఏళ్ళ యుద్ధం. చక్రవర్తి పదవి ఇస్తానంటే, నాకెందుకు, ఊరికి చేర్చే సవారీ ఒకటి ఇప్పించండి చాలంటుంది. సినిమాలో గేయం చాలా మారిపోయింది గానీ, తండ్రి దెబ్బతిన్న కాలు చూసే పిల్ల కత్తి పట్టింది. మీ దగ్గరికొచ్చేసరికి తండ్రి లేడు, నాయనమ్మ లేదు, ఇల్లే లేదు. వెదురు తోపులో వేషం వేసుకుని సిద్ధంగా ఉంటుంది, అంతే. ఎందుకు వచ్చిందమ్మా అంటే మా అమ్మాయి, "లెవెల్ కదా నాన్నా" అంది.

అతిథులకి మాత్రం ఏ లోటూ లేదు. సినిమాలో దండెత్తి వచ్చే హూణుల సైన్యం స్థానంలో హార్ట్‌లెస్ అనే నల్ల పురుగుల్ని దింపారు, సోరా తాళంచెవికి పని ఉండాలిగా. ములాన్ 'పార్టీ'లో, అంటే సోరా ముగ్గురి జట్టులో, చేరుతుంది. చేరితే బాతో గూఫీయో పక్కకి తప్పుకోవాలి. కండువా మార్చడం మాకు కొత్త కాదు కాబట్టి వెంటనే అర్థమైంది. కాకపోతే మావాళ్ళు ఏ నియోజకవర్గానికైనా దూకుతారు. పాపం, ఈమె మీ సరిహద్దు దాటితే పార్టీలో లేనట్టే. దేశాన్ని కాపాడింది, దేశంలోనే ఉండిపోవాలి. తాళంచెవి కుర్రాడు మాత్రం పక్క లోకానికి పోయి అక్కడా హీరో.

నేనేమీ శుద్ధపూసని కాను లెండి. ఒక కొరియా కార్టూన్‌లో అవ్వ కిమ్చి గురించి మాట్లాడుతుంటే గోంగూర పచ్చడి అని రాశాను. పెదవి కలవలేదు గానీ అందరూ నవ్వారు, ఓకే అయిపోయింది. ఆ అవ్వకి గోంగూర ఎవరు పెట్టారో ఇప్పటికీ తెలియదు. వృత్తిలో ఉన్నవాడిగా ఒక మాట ఒప్పుకుంటాను: సినిమాలో ములాన్‌కి మాట ఇచ్చిన మింగ్‌నా వెన్‌నే గేమ్‌లోనూ పెట్టారు. ములాన్ వెంట ఉండే బుల్లి డ్రాగన్ ముషూకి మాత్రం సినిమాలో పలికిన ఎడ్డీ మర్ఫీ దొరకలేదు, మార్క్ మోస్లీ పలికాడు. కళ్ళు మూసుకుని విన్నాను, బాగానే లాక్కొచ్చాడు.

ఇక అసలు విషయం. షాపువాడు ఇచ్చిన మెమరీ కార్డు రెండో రోజే చచ్చింది. ఆడినంత వరకూ ఆట సేవ్ అవ్వదు. మా అమ్మాయి మీ రాజభవనం మెట్ల దాకా వెళ్ళి, హూణుల నాయకుడు షాన్ యూని ఓడించి, టీవీ మాత్రం కట్టేసి, పెట్టెను రాత్రంతా ఆన్‌లోనే ఉంచి పడుకుంది. తెల్లారి చూస్తే ఎర్ర లైటు కూడా లేదు. మా అమ్మ ఐదింటికి లేచి, గోడ దగ్గర స్విచ్ కట్టేసి, దీపం పెట్టుకుంది.

"నాయనమ్మా! చైనా మొత్తం పోయింది!"

"పోతే పోయింది. కరెంటు బిల్లు మీ చైనావాళ్ళు కడతారా?"

మళ్ళీ మొదటి నుంచి. గేమ్ మొదట్లో గంటల తరబడి సాగే ముందుమాట అంతా దాటితే గానీ మీ ఊరు రాదు. ములాన్ ఇప్పటికి మా ఇంట్లో మూడుసార్లు సైన్యంలో చేరింది. నాలుగోసారి చేరేలోపు ఆ వెదురు తోపు దగ్గర, ఓ మూల, ఆ తండ్రికి ఒక కుర్చీ వేయించండి. మాట్లాడకపోయినా పర్లేదు. బాతును కాస్త జరగమంటే చోటు సరిపోతుంది.

ఇట్లు,
కొత్త మెమరీ కార్డు కోసం మళ్ళీ రిచీ స్ట్రీట్ బయల్దేరుతున్న ఒక తండ్రి