బ్రూఖ్ ఆ ఒక్కటే రాశాడా?

ఇది రాస్తుంటే ఇంకా చేతులు వణుకుతున్నాయి. పొద్దున పదకొండింటికి ఆఫీసులో ఉండగా మెయిల్ వచ్చింది. శనివారం కచేరీలో చిన్న మార్పు ఉందట. వాయించాల్సిన ఆవిడకి ఒంట్లో బాగాలేదు, ఆమె స్థానంలో వేరే అతను వస్తున్నాడు, అందుకని జర్మన్ స్వరకర్త మాక్స్ బ్రూఖ్ రెండో వయొలిన్ కాన్సర్టో (ఒక వాద్యం ముందుండి, వెనక ఆర్కెస్ట్రా నడిచే పెద్ద రచన) బదులు మొదటి కాన్సర్టో వాయిస్తారట. "శ్రోతలందరికీ ఎంతో ఇష్టమైన" మొదటి కాన్సర్టో అని కూడా రాశారు.

మనిషికి జబ్బు చేయడం ఎవరి తప్పూ కాదు. ఆవిడ త్వరగా కోలుకోవాలి. కానీ దీన్ని చిన్న మార్పు అంటారా? మనిషికి 42 యూరోలు పెట్టి నాకూ మా అమ్మాయికీ మూడు నెలల ముందే టికెట్లు కొన్నాను. కొన్నదే ఆ రెండో కాన్సర్టో కోసం. పదకొండేళ్లుగా కొలోన్‌లో ఉంటున్నాను. బ్రూఖ్ 1838లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఈ పదకొండేళ్లలో మొదటి కాన్సర్టో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. రెండోది హాల్లో కూర్చుని ఒక్కసారి కూడా వినలేదు. ఒక్కసారి!

తెలియనివాళ్ల కోసం చెప్తాను. రెండో కాన్సర్టో డి మైనర్‌లో ఉంటుంది, ఓపస్ 44 (ఓపస్ అంటే స్వరకర్త రచనలకిచ్చే వరుస సంఖ్య). 1877లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో మొదటిసారి వినిపించారు. స్పెయిన్ విద్వాంసుడు సారసాతే వయొలిన్ వాయిస్తే, బ్రూఖే స్వయంగా ఆర్కెస్ట్రాని నడిపించాడు. స్పెయిన్‌లో సింహాసనం కోసం జరిగిన అంతర్యుద్ధం, కార్లిస్ట్ యుద్ధం గురించి సారసాతే చెప్పిన దృశ్యం మనసులో పెట్టుకుని రాశాడు. మామూలుగా కాన్సర్టోలో మొదటి భాగం చురుగ్గా సాగుతుంది, నిదానంగా నడిచేది మధ్యలో వస్తుంది. ఇది అడాజియోతోనే, అంటే ఆ నిదానపు నడకతోనే మొదలవుతుంది. యుద్ధం ముగిసిన మైదానంలో ఎవరో తమవాళ్ల కోసం వెతుకుతూ ఒంటరిగా తిరుగుతున్నట్టు ఉంటుంది నాకు. రెండో భాగం పేరే రెసిటటీవ్. వయొలిన్ పాడటం ఆపి మాట్లాడుతుంది. మన హరికథలో దాసుగారు పాట ఆపి వచనం అందుకున్నప్పుడు వయొలిన్ ఆయన గొంతు వెనకే నడుస్తుందే, అచ్చం అలా ఉంటుంది. ఇలాంటిదాన్ని పక్కన పెట్టి, అందరికీ కంఠతా వచ్చినదే మళ్లీ వినమంటున్నారు.

మొదటి కాన్సర్టో బాగోదని నేను అనలేదు. కామెంట్లలో అలా మొదలుపెట్టకండి. అదంటే నాకు ప్రాణం. మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు నిద్ర పట్టని రాత్రులన్నీ దాని రెండో భాగం వింటూ గడిపాను. నా గొడవ ఆ సంగీతంతో కాదు. ఒక మనిషి 82 ఏళ్లు బతికి, చివరి దాకా రాస్తూనే ఉంటే, అందులోంచి పాతిక నిమిషాలు మాత్రం తీసుకుని మిగతాదంతా అటకెక్కించేశారు. అదీ నా గొడవ.

ఈ బాధ ఆయన కూడా పడ్డాడు. ప్రచురణకర్త సిమ్రాక్‌కి రాసిన ఉత్తరంలో కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. రెండు వారాలకొకడు వచ్చి మొదటి కాన్సర్టో వాయించి వినిపిస్తానంటున్నాడు, నేనిక వినలేను, నేను రాసింది అదొక్కటేనా, పోయి మిగతా కాన్సర్టోలు వాయించండి, అవీ దీనంత బాగుంటాయి, ఇంకా బాగుంటాయి అని. ఆ ఉత్తరం రాసి నూరేళ్లు దాటిపోయింది. ఈ రోజు పొద్దున నాకు మెయిల్లో వచ్చింది కూడా అదే, మళ్లీ మొదటి కాన్సర్టోనే.

మూడు సింఫనీలు రాశాడు. మొదటిది ఆ కాలపు పెద్ద స్వరకర్త బ్రామ్స్‌కి అంకితమిచ్చాడు. ఎవరు వాయిస్తున్నారు? క్లారినెట్ వాయించే కొడుకు కోసం, డెబ్బై దాటిన వయసులో, క్లారినెట్, వియోలా, పియానోలకి ఎనిమిది ముక్కలు రాశాడు. ఓపస్ 83. సాయంత్రం దీపం పెట్టాక వినండి. చివరి ఏడాది 1920లో కూడా ఎనిమిది తంత్రీ వాద్యాలకి అష్టకం రాశాడు. భార్య అంతకుముందు ఏడాదే పోయింది, చేతిలో డబ్బు లేదు, అయినా రాశాడు.

స్వరకర్త హుంపెర్డింక్ పరిస్థితీ ఇదే. మా కొలోన్ పక్కనున్న జీగ్‌బుర్గ్‌లో పుట్టినవాడు. డిసెంబర్ వస్తే జర్మనీలో ఏ ఒపెరా హౌస్ చూసినా ఆయన ఒపెరా హాన్సెల్ అండ్ గ్రెటెల్. 1893లో వైమార్‌లో దాని తొలి ప్రదర్శన నడిపించింది రిచర్డ్ స్ట్రాస్, మంచిదే, పిల్లల్ని తీసుకెళ్లండి. మరి ఆయనదే ఇంకో ఒపెరా, కోనిగ్స్‌కిండర్ ఏమైంది? దాని తొలి రూపంలో, 1897లోనే, మాటకీ పాటకీ మధ్య ఉండే పలుకుని స్వరలిపిలో రాసే పద్ధతి తెచ్చాడాయన. ఆ పేరంతా తర్వాత వచ్చిన స్వరకర్త షోన్‌బర్గ్‌కి పోయింది. వాగ్నర్, బ్రామ్స్, స్ట్రాస్, మాలర్ అని నాలుగు పేర్లు చదివేసి, మిగతావాళ్లందరూ రెండో రకం అని ఎవరో రాసిపెట్టారు. అదే పాఠం అందరూ వల్లెవేస్తున్నారు.

సరే, డబ్బు సంగతికి వస్తాను. అసలు మంట అక్కడుంది.

ఆ మొదటి కాన్సర్టోని బ్రూఖ్ 1866లో కోబ్లెంజ్‌లో వినిపించాడు. తృప్తి కలగలేదు, వెనక్కి తీసుకున్నాడు. ఆ కాలపు గొప్ప వయొలిన్ విద్వాంసుడు యోజెఫ్ యోవాఖీమ్ సలహాలు అడిగి, దిద్ది, తిరగరాశాడు. మొదటి భాగానికి ప్రస్తావన అని పేరు పెట్టుకుని, అసలు దీన్ని కాన్సర్టో అనొచ్చా అని భయపడ్డాడు. అనొచ్చని ధైర్యం చెప్పింది యోవాఖీమే. 1868 జనవరిలో బ్రెమెన్‌లో ఆయనే వాయించాడు. అంత కష్టపడి రాసినదాన్ని ఒక ప్రచురణకర్త 250 థాలర్లకి (అప్పటి జర్మన్ వెండి నాణేలు) మొత్తంగా కొనేశాడు. రాయల్టీ లేదు. ఆ తర్వాత అది ఎన్ని దేశాల్లో, ఎన్ని వేలసార్లు మోగినా రాసినవాడికి అందులోంచి దమ్మిడీ రాలేదు.

ఇక్కడికి వచ్చేసరికి నాకు మా నాన్న గుర్తొస్తారు. నాన్న తెనాలి చుట్టుపక్కల హరికథలకి వయొలిన్ వాయించేవారు. 1988లో ఒక క్యాసెట్ కంపెనీవాళ్లు విజయవాడ పిలిపించారు. శివుడి పాటల క్యాసెట్. రెండు రోజులు వాయించారు. అందులో ఒక పాటకి ముందు వచ్చే వయొలిన్ ముక్క నాన్నే కట్టారు. చేతిలో నాలుగు వందలు పెట్టి కాగితం మీద సంతకం చేయించుకున్నారు. కార్తీకమాసం వచ్చిందంటే మా వైపు గుళ్లలో మైకుల నిండా అదే పాట. క్యాసెట్ కవరు మీద నాన్న పేరు లేదు. ఆ తర్వాత నాన్న ఏ ఊరు వెళ్లినా, "మాస్టారూ, ఆ ముక్క వాయించండి" అని జనం. భైరవి రెండేళ్లు సాధన చేసి వెళ్తే, ఆ ముక్క వాయించండి. వాయించేవారు. ఇంటికొచ్చి వయొలిన్ పెట్టె మూసేసి ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. అమ్మ అన్నం వడ్డిస్తూ, "పోనీలెండి, అందరికీ ఇష్టమేగా" అనేది. అమ్మకి తెలియక అనేది, ఆవిణ్ణి ఏమీ అనను. కానీ పొద్దున ఆ మెయిల్లో "ఎంతో ఇష్టమైన" అన్న మాట చదవగానే నాకు ఆ వంటిల్లు, నాన్న తలదించుకుని కంచంలో అన్నం కెలకడం కళ్లముందుకొచ్చాయి. నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. ఆ పాట ఇప్పుడు యూట్యూబ్‌లో ఉంది, కింద వయొలిన్ ఎవరో అని అడుగుతున్నారు జనం. నేను ప్రతిసారీ నాన్న పేరు రాస్తున్నాను. రెండుసార్లు తీసేశారు. మళ్లీ రాస్తాను.

బ్రూఖ్‌కి జరిగింది ఇంకా ఘోరం. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యేసరికి బయటి దేశాల నుంచి రావాల్సిన డబ్బు ఆగిపోయింది. ఆ కాన్సర్టో హక్కులు ఎలాగూ లేవు, చేతిలో మిగిలింది తన చేత్తో రాసుకున్న ప్రతి ఒక్కటే. సుట్రో అక్కచెల్లెళ్లని అమెరికాలో జంటగా పియానో వాయించేవాళ్లు. అప్పటికే వాళ్ల కోసం రెండు పియానోల కాన్సర్టో రాసిచ్చాడు, దాన్ని వాళ్లు తమకి చేతనైనట్టు మార్చేసి వాయించుకున్నారు. అలాంటివాళ్లని నమ్మి 1920లో ఆ రాతప్రతిని వాళ్ల చేతికిచ్చాడు, అమెరికాలో అమ్మి డబ్బు పంపమని. డబ్బు రాలేదు. ఆ అక్టోబర్‌లోనే బెర్లిన్‌లో కన్నుమూశాడు. తర్వాత ఆయన పిల్లలకి అందినవి విలువ పోయిన జర్మన్ నోట్లు. ప్రతి ఎక్కడుందని అడిగితే ఆ అక్కచెల్లెళ్లు చెప్పలేదు. అది వాళ్ల దగ్గరే ఉంది! 1949లో అమ్ముకున్నారు. ఇప్పుడు న్యూయార్క్‌లో మోర్గన్ లైబ్రరీలో ఉంది.

ఒకటికి రెండుసార్లు చదవండి దీన్ని. ఎనభై దాటిన ముసలాయన, భార్య పోయి, ఆ డబ్బు వస్తుందని ఎదురుచూస్తూ పోయాడు.

పోయాక కూడా ఊరుకోలేదు. 1880లో, లివర్‌పూల్‌లో సంగీత దర్శకుడిగా ఉన్న రోజుల్లో, యూదుల ప్రార్థన స్వరం తీసుకుని చెల్లోకి కోల్ నిద్రే రాశాడు. ఆయన ప్రొటెస్టెంట్ క్రైస్తవుడు. అయినా ఆ ఒక్క రచన చూసి యూదుడేమోనని నాజీలు ఆయన సంగీతాన్ని ఆపేశారు. స్వరం నచ్చి తీసుకున్నాడయ్యా! మంచి స్వరం ఎక్కడ దొరికినా తీసుకునేవాడు. స్కాట్లాండ్ జానపదాలతో స్కాటిష్ ఫాంటసీ రాసింది కూడా ఆయనే.

ఆయనకి స్ట్రాస్ అన్నా, రేగర్ అన్నా పడేది కాదు, కొత్తదాన్ని తిట్టిపోసేవాడు, పాతకాలం మనిషి, అందుకే కాలం వదిలేసిందని ఒకాయన నాకు పాఠం చెప్పబోయాడు ఓ విందులో. తిట్టాడు, నిజమే. దానికీ, ఓపస్ 44 వాయించకపోవడానికీ ఏమిటండీ సంబంధం? వాయించి, విని, అప్పుడు వదిలేయండి. వినకుండా వదిలేయడం ఏం న్యాయం?

మధ్యాహ్నం ఆ ఆర్కెస్ట్రావాళ్లకి జవాబు రాశాను. ఇరవై నిమిషాల్లో సమాధానం వచ్చింది. కార్యక్రమంలో మార్పులకి డబ్బు వాపసు ఇవ్వరట, టికెట్ వెనకే రాసుంటుందట. మా అమ్మాయి బడి నుంచి వచ్చి మెయిల్ చదివి, "అమ్మా, అయితే మానేద్దామా?" అంది.

మానం. శనివారం వెళ్తాం. కొత్తగా వచ్చే ఆ కుర్రాడి తప్పేమీ లేదు, అతను బాగా వాయిస్తే లేచి నిలబడి చప్పట్లు కొడతాను. అయిపోయాక గుమ్మం దగ్గర అభిప్రాయం రాయమని కాగితం ఇస్తారు. ఓపస్ 44 ఎప్పుడు వాయిస్తారు అని రాసి, కింద నా ఫోన్ నంబర్ కూడా రాసి వస్తాను.