తల్లి మంచం ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్) లోపలే వేయాలి

ఏటా నవంబర్ 17న, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం జరిపే ప్రపంచ దినం వచ్చిందంటే చాలు, 800 గ్రాముల బిడ్డను బతికించామంటూ ఆసుపత్రులు ఫొటోలు విడుదల చేస్తాయి. బతికించడం గొప్పే. రెండేళ్లు వచ్చేసరికి ఆ బిడ్డ నడుస్తోందా, మాటలు పలుకుతోందా అన్నది ఫొటోలో కనపడదు. 32 వారాల లోపు పుట్టిన పిల్లల విషయంలో అడగాల్సింది అదే.

గర్భం 29 నుంచి 41 వారాల మధ్య మెదడు పైపొరలోని బూడిదరంగు పదార్థం దాదాపు 4 రెట్లవుతుంది. కడుపులో జరగాల్సిన ఆ పని వీళ్లకు ఇంక్యుబేటర్‌లో జరగాలి. కానీ అందుకు కావలసిన పోషకాల సరుకు చాలదు. కిలో బిడ్డకు రోజుకు 160 మి.లీ. తల్లిపాలు పట్టినా అందేవి 2 గ్రాముల మాంసకృత్తులు, కావలసినవి 3.5 నుంచి 4. ఆ లోటు ఫార్టిఫయర్‌తో, అంటే తల్లిపాలలో కలిపే పోషకాల పొడితో పూడ్చాలి. కిలో బరువుకు రోజుకు 100 మి.లీ. పాలు అరుగుతున్నా పొడి మొదలుపెట్టలేదంటే ఆలస్యమైనట్టే. ఖరీదని సగం ప్యాకెట్టే కలిపితే లోటు అలాగే ఉండిపోతుంది. పాలు చాలక డబ్బాపాలకు మారితే పేగులు దెబ్బతినే ఎన్‌ఈసీ ముప్పు పెరుగుతుంది, ఆ వాపు మెదడునూ వదలదు.

బరువు రోజూ చూస్తారు. తల కొలత మాత్రం చాలాచోట్ల కేసు షీటులో ఖాళీగానే ఉంటుంది. సాగని టేపును కనుబొమల పైనుంచి, వెనక బాగా ఉబ్బిన చోటు మీదుగా చుట్టి, మూడుసార్లు కొలిచి, పెద్ద అంకె రాసుకోవాలి. వారానికి సుమారు 1 సెం.మీ. పెరగాలి. ఆగిపోతే ముందు పాల లెక్క సరిచూడాలి. వారంలో 2 సెం.మీ. దాటి ఎగబాకితే మెదడులో నీరు చేరుతోందేమోనని వెంటనే అల్ట్రాసౌండ్ తీయాలి.

ఇంతకీ పాలు ఎక్కడినుంచి రావాలి? కాన్పైన 6 గంటల్లోపు పిండడం మొదలుపెట్టి, రాత్రితో కలిపి రోజుకు 8 సార్లు పిండితేనే పాలు నిలుస్తాయి. మన దగ్గర బిడ్డ జిల్లా కేంద్రంలో, సిజేరియన్ అయిన తల్లి వేరే ఊరి నర్సింగ్‌హోమ్‌లో! నాలుగో రోజు ఆమె వచ్చేసరికి పాలు వెనక్కి పోతున్నాయి. వచ్చినా ఆమెను చూడ్డానికొచ్చిన చుట్టంలాగే చూస్తున్నాం.

లోపలికి రానిస్తే ఇన్ఫెక్షన్ వస్తుందని, చోటు లేదని అంటారు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్‌తో సహా 5 దేశాల ఆసుపత్రుల్లో తల్లి మంచం యూనిట్ లోపలే వేసి, పుట్టినప్పటి నుంచే బిడ్డను రొమ్ముకు హత్తుకోనిచ్చారు. 2021లో ఫలితాలు వచ్చాయి: మరణాలు 25 శాతం తగ్గాయి, ఇన్ఫెక్షన్ అనుమానించిన కేసులూ తగ్గాయి. రోజుకు 8 నుంచి 24 గంటలు అలా ఉంచాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. చోటు లేదంటే, కట్టేటప్పుడు తల్లిని లెక్కలోకి తీసుకోలేదనే అర్థం.

మన చట్టాలూ ఆమెను లెక్కలోకి తీసుకోలేదు. 28 వారాలకే కాన్పైన ఉద్యోగినికీ జీతంతో కూడిన సెలవు అవే 26 వారాలు, అందులో 12 బిడ్డ అసలు పుట్టాల్సిన తేదీకి ముందే కరిగిపోతాయి. బ్రిటన్ 2025 ఏప్రిల్ నుంచి ఇలాంటి తల్లిదండ్రులకు 12 వారాల దాకా అదనపు సెలవు ఇస్తోంది. మిరప కోతకు వెళ్లే తల్లికి ఆ 26 వారాలూ లేవు. ప్రభుత్వ పథకం జననీ శిశు సురక్ష కింద బాలింతకు ఉచిత భోజనం మామూలు కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజులు. 28 వారాల బిడ్డ ఆసుపత్రిలో ఉండేది రెండు నెలల పైమాటే. అన్ని రోజులూ ఆమెకు మంచం, మూడు పూటలా భోజనం, పోయిన కూలి ప్రభుత్వమే ఇవ్వాలి. ఉద్యోగినుల సెలవును డిశ్చార్జి రోజు నుంచి లెక్కించాలి.