ఇంకాస్త ఎర్రది లేదా?

కారం గురించి గుంటూరువాడికి ఎవడూ పాఠాలు చెప్పనక్కర్లేదు. మిర్చి యార్డు మనది, చుట్టూ కోల్డ్ స్టోరేజీలు మనవి, మన సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇంత ఘనత ఉన్న ఊళ్లో కొనేవాడు కొట్టువాణ్ణి అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: “ఇంకాస్త ఎర్రది లేదా?”

మొన్న బ్రాడీపేటలో ఈ మహత్తర పరీక్ష కళ్లారా చూశాను. పెద్దాయన కారు దిగారు. కొట్టతను డబ్బా మూత తీశాడు. ఆయన చిటికెడు కారం అరచేతిలో వేసుకుని, వేలితో రుద్ది, ఎండకు పట్టి చూసి, పెదవి విరిచారు. “రంగేదయ్యా?” రెండో డబ్బా వచ్చింది. మొదటిదానికంటే ఎరుపు, కిలోకి నలభై తక్కువ. ఆయన మొహం విచ్చుకుంది. “ఇంకాస్త?” మూడోది వచ్చింది. హోలీకి దాచుకోవాల్సిన సరుకది. ధర ఇంకో ముప్పై తగ్గింది. ఏం కాయ అని అడగలేదు, వాసన చూడలేదు, నాలుక్కి తగిలించలేదు. “రెండు కిలోలు తీసుకుంటున్నాగా, ఇంకో పది తగ్గించు” అని బేరం కూడా ఆడారు. రుమాలుతో ఎంత తుడిచినా చేతికంటిన ఎరుపు వదల్లేదు. “చూశారా, అసలు సరుకంటే ఇదీ!” అన్నారు నాతో.

ఈయనకు ఊరంతా కలిసి పౌరసన్మానం చెయ్యాలని నా ప్రతిపాదన. నాణ్యత పెరిగేకొద్దీ ధర తగ్గే వస్తువును భూమ్మీద కనిపెట్టింది ఈయనొక్కరే.

లెక్క పెద్ద కష్టం కాదు. కాయ ఎండితే తూకం తగ్గుతుంది, తొడిమలు తీస్తే ఇంకాస్త తగ్గుతుంది. తీసే ఆడవాళ్లకు కూలి, మర ఖర్చు, ప్యాకింగు, కొట్టువాడి లాభం... ఇవన్నీ కలిశాక కూడా కిలో కారం కిలో కాయకంటే చవగ్గా ఎలా వస్తుందండీ? తాలు కాయ, అంటే రంగు పోయిన నాసి కాయ, పడితే వస్తుంది. అదే యార్డులో తాలు ఏ రేటుకు పోతుందో మనకు తెలీదా? కాకపోతే తాలు ఆడిస్తే పొడి పాలిపోయి ఉంటుంది. పాలిపోతే పెద్దాయన పెదవి విరుస్తారు. అందుకని రంగు. తేజ రకం మిర్చి ఘాటు, బ్యాడిగి రకం ఎరుపు, తాలు ధర మూడూ ఒకే పొట్లంలో కావాలంటే పాపం వ్యాపారి మాత్రం ఏం చేస్తాడు?

2003లో మన దేశం నుంచి వెళ్లిన మిర్చి సరుకులో సూడాన్ 1 అనే రంగు ఫ్రాన్స్‌లో పట్టుబడింది. మైనానికీ, బూట్ల పాలిష్‌కీ వాడే రంగు అది. ఆ ఏడాదే యూరప్ వాళ్లు తేల్చి చెప్పేశారు: ఆ రంగు లేదని పరీక్ష కాగితం లేకపోతే సరుకు దిగనివ్వం అని. అంతే, మనవాళ్లకు శుభ్రమైన కారం చెయ్యడం వచ్చేసింది! ఎగుమతి సరుకును పరీక్షించే స్పైసెస్ బోర్డు ల్యాబు గుంటూరులోనే ఉంది. ల్యాబు దాటిన కారం పరాయి దేశపు పిల్లలకి, అరచేతి పరీక్ష పాసైన కారం మన పిల్లల పప్పన్నంలోకా? ఛీ! కల్తీ చేసేవాణ్ణి జైల్లో పెట్టాల్సిందే, అందులో రెండోమాట లేదు. కానీ పది రూపాయలకు ఆశపడి వాడికి దారి చూపించింది ఎవరు? కారులో పెట్రోలు ఏ బంకులో మంచిదో నలుగుర్ని అడిగి పోయించుకుంటాం. పిల్లల కడుపుకి మాత్రం ఎరుపు చాలు!

మా వీధి చివర మర ఆయన చాలాకాలం సన్నం కాయే ఆడించి అమ్మాడు. ఇటుక రంగులో ఉండేది, డబ్బా మూత తీస్తే తుమ్ములే. “రంగు లేదు, పైగా రేటెక్కువ” అని జనం ఎదురు కొట్టుకు పోయారు. ఆయన మూడు సీజన్లు ఓపిక పట్టాడు. ఇప్పుడు అడిగినంత ఎర్రగా ఇస్తున్నాడు. వ్యాపారం బాగుందట. ఇంట్లోకి మాత్రం కాయ కొని విడిగా ఆడించుకుంటాడు.