‘రైలుబడి’లో మనం వదిలేసిన పేజీలు

జపాన్ రచయిత్రి టెట్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన ‘టోటోచాన్’కు తెలుగు అనువాదం ‘రైలుబడి’ మన టీచర్లకు ప్రాణం. పాత రైలు పెట్టెల్లో తరగతులు, బడిలో చేరడానికొచ్చిన పిల్ల కబుర్లు నాలుగు గంటలు ఓపిగ్గా విన్న కొబయాషి మాస్టారు... చదువుల మీద ఎక్కడ మాట వచ్చినా ఆ పుస్తకం ప్రస్తావన రావాల్సిందే. నేనూ ఏళ్ల తరబడి అలాగే చదివాను. జపాన్‌లో మొదటి పుస్తకం వచ్చిన 42 ఏళ్లకు టెట్సుకో, 2023లో, 90 ఏళ్ల వయసులో తెచ్చిన రెండో భాగం చదివాక నాకు ఒక విషయం స్పష్టమైంది. మొదటి పుస్తకాన్ని మనం సగమే చదివాం. అది మొదటినుంచీ రెండో ప్రపంచ యుద్ధం కథే.

స్టేషన్ మెట్ల కింద క్యారమెల్ బిళ్ళల మెషీన్ గుర్తుందా? టోటోచాన్, అంటే చిన్ననాటి టెట్సుకో, అందులో నాణెం వేస్తుంది. బిళ్ళలు రావు. యుద్ధం ఆ పిల్లకు మొదట తెలిసింది అక్కడే. తర్వాత బడిలో పనిచేసే రియోచాన్‌ను సైన్యంలోకి పిలుస్తారు. 1945లో బాంబులు పడి బడి కాలిపోతుంది. ‘అయ్యో, చివర్లో ఏడిపించింది’ అనుకుని మనం పుస్తకం మూసేస్తాం.

రెండో భాగం అలా మూయనివ్వదు. ‘కొంచెం సముద్రం నుంచి, కొంచెం కొండల నుంచి’ అంటూ మాస్టారు తెమ్మన్న క్యారేజీ తిన్న పిల్లకు, రోజంతటికీ వేయించిన సోయా గింజలు 15 ఇచ్చి పంపుతుంది అమ్మ. వాటిని లెక్కపెట్టుకుని తినాలి, నీళ్లు తాగి కడుపు నింపుకోవాలి. అంతకన్నా నన్ను కదిలించింది టోక్యోలో ఆ బడి దగ్గరి జియుగవోకా స్టేషన్. యుద్ధానికి వెళ్లే సైనికులకు అక్కడ చిన్న జెండా ఊపి జేజేలు కొడితే కాల్చిన ఎండు స్క్విడ్ (ఒక సముద్ర జీవి) ముక్క ఇచ్చేవారు. ఆకలి మీదున్న పిల్ల దానికోసం పరిగెత్తేది. ఆ సైనికుల్లో ఎంతమంది తిరిగొచ్చారో తెలియదు. యుద్ధంలో తన తప్పు అదేనని ఆమె ఇన్నేళ్లు మోసింది. పదేళ్లకు అటూ ఇటూ ఉన్న పిల్ల! ఆ జెండా చేతికిచ్చిన పెద్దల్లో ఎంతమంది ఇలా బాధపడి ఉంటారు?

పిల్లల పుస్తకంలో యుద్ధం ఎందుకు, కొబయాషి పద్ధతి నేర్చుకుంటే చాలదా అంటారు కొందరు. ఆ పద్ధతి బాగా నడుస్తున్న బడినే అమెరికా బి-29 బాంబర్ విమానాలు బూడిద చేశాయి. ఆ సంగతి దాచి పద్ధతి ఒక్కటే ఎలా చెబుతాం?

మన ఇళ్ల సంగతీ చూడాలి. 2025 మేలో భారత్-పాకిస్తాన్ ఘర్షణ వేళ టీవీ స్టూడియోల్లో సైరన్లు ఎంతలా మోగాయంటే, అసలు ప్రమాదం వచ్చిన రోజు జనం పట్టించుకోరేమోనని ఆ శబ్దం వాడొద్దని కేంద్రమే ఛానళ్లకు చెప్పింది. ఆ మోత అన్నం తింటున్న పిల్లల ముందే మోగింది. మా చెల్లెలి కొడుక్కి ఎనిమిదేళ్లు. ‘మావయ్యా, ఇప్పటికి మనం ఎన్ని కొట్టాం?’ అని క్రికెట్ స్కోరు అడిగినట్టు అడిగాడు. నేను స్క్రోలింగ్ చూసి అంకె చెప్పాను. అవతల కూడా ఎనిమిదేళ్ల పిల్లలు ఉంటారన్న మాట ఆ రోజు నా నోట రాలేదు.

టీచర్ల శిక్షణల్లో ‘రైలుబడి’ని చదివించేవాళ్లను నేను కోరేది ఒక్కటే. రైలు పెట్టెల దగ్గర ఆగినంతసేపు ఆ ఖాళీ మెషీన్ దగ్గరా ఆగండి. బిళ్ళలు ఎందుకు రాలేదో పిల్లల్నే అడగండి. వాళ్లు చెప్పేదాకా పేజీ తిప్పకండి.